ఖాలీ అని రాయాల్సిన చోటు

మార్చి 2

మూడోసారి తూచాను. అదే. బూడిద మడి జొన్న తక్కువ, ఉత్త మడి జొన్న ఎక్కువ. మా కెమిస్ట్రీ ల్యాబ్ తక్కెడ మీద అనుమానం వచ్చి, ఫిజిక్స్ చెప్పే ఖాదర్ సార్‌ని అడిగి వాళ్ల ల్యాబ్ తక్కెడ తెచ్చుకున్నాను. అదీ అదే చెప్పింది.

కాగితం మీద పెడితే తల తేటపడుతుందేమో. నర్సన్న చేలో పక్కపక్కనే రెండు మళ్లు. ఒకదాంట్లో కరెంటు ప్లాంటు బూడిద కలిపాం. రెండోదాంట్లో ఏమీ వేయలేదు, పోల్చి చూసుకోవడానికి. ఒకే విత్తనం, ఒకే రోజు విత్తడం, ఒకే వాన. మొదటి ఏడు బూడిద మడి కంకులు చూడ్డానికి ఊరంతా గట్టు మీదికి వచ్చింది. రెండో ఏడూ అంతే. ఆ రెండేళ్ల ఫలితాలే నా వ్యాసంలో అచ్చయ్యాయి. ఈ మూడో ఏడు… ఆకుల అంచులు మాడాయి. మట్టి పైన పెచ్చు కట్టింది.

ఎక్కడో పొరపాటు. చూడాలి.

మార్చి 5

వ్యవసాయ శాఖ ఆఫీసు నుంచి ఉత్తరం. నా వ్యాసం ఆధారంగా ఈ ఎండాకాలం ఏటి ఒడ్డు ఊళ్లకి బూడిద తోలతారట. టిప్పర్లలో, పైసా తీసుకోకుండా. మూడో ఏటి ఫలితాలు కూడా కలిపి నివేదిక పంపమన్నారు.

మా ఈయన "స్వీట్లు తేనా?" అన్నారు. తెమ్మన్నాను. ఎందుకన్నానో.

మార్చి 9

మంచు కావచ్చు. తెగులు కావచ్చు. ఈసారి తెచ్చిన బూడిద బస్తాలు వేరే గుట్టవి కావచ్చు. నర్సన్న ఆ మడి చివర్న దున్నడంలో ఏదో తేడా చేశాడేమో… కారణాలకేం, వెతికితే చేటెడు దొరుకుతాయి. లెక్కల కాగితం వెనక అన్నీ రాశాను, ఒక్కోదాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టి.

కరెంటు పోయింది. ప్లాంటు మా జిల్లాలో, కోత మా ఇంట్లో.

మార్చి 12

ఫస్టియర్‌కి ఫ్లోజిస్టన్ పాఠం. ఏటా చెప్పేదే. మండే ప్రతి వస్తువులోనూ ఫ్లోజిస్టన్ అనేదొకటి ఉంటుందని ఒకప్పుడు అనుకున్నారు. మండినప్పుడు అది బయటికి పోతుంది, మిగిలే బూడిదే అసలు పదార్థం. చక్కగానే ఉంది, కట్టె కాలితే తేలికవుతుంది కదా. చిక్కల్లా లోహాలతో. లోహాన్ని కాల్చితే భస్మం బరువు పెరుగుతోంది. ఏదో పోతే బరువెలా పెరుగుతుంది? అప్పుడైనా ఒప్పుకోవచ్చు కదా. లేదు. ఫ్లోజిస్టన్ బరువు సున్నా కంటే తక్కువ, అందుకే అది పోతే బరువు పెరుగుతుంది అన్నారు కొందరు.

పిల్లలు నవ్వారు. ఏటా ఇక్కడే నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఈసారి నాకు నవ్వు రాలేదు. హ్యాండ్‌బ్యాగులో ఆ కాగితం ఉంది, ప్రశ్న గుర్తులతో.

మార్చి 20

స్టాఫ్ రూమ్. ఖాదర్ సార్ టీ పంచి నా ముందు కూర్చున్నారు. "క్యా మేడం, గమ్మునున్నరు?" చెప్పాను, అంతా కాదు, సగం.

"మీది మూడేండ్లే మేడం. మా ఫిజిక్సోళ్లది ఎన్ని తరాలో! వెలుతురు నడవాలంటె నడుమ ఏదో ఒకటి ఉండాలె గదా అని ఈథర్ అన్నరు. అందరు నమ్మిన్రు. దాన్ని పట్టుకుంటమని మెషీన్ కట్టిన్రు. ఏమొచ్చింది? సిఫర్. సున్న."

"తర్వాత ఏం చేశారు?" నాకు తెలుసు. అయినా అడిగాను.

"సిఫర్ అని ఛాపించిన్రు. గా హిమ్మత్, గా ధైర్నం చూడుండ్రి."

ఆయన నా కాగితం చూడలేదు. చూసినట్టే మాట్లాడారు. కోపం వచ్చింది నాకు, ఆయన మీద ఎందుకు రావాలో తెలియదు.

ఏప్రిల్ 3

సైన్స్ అసోసియేషన్ వాళ్లు జూలైలో ఏదైనా మాట్లాడమన్నారు. శాస్త్రాల్లో మూసుకుపోయిన దారుల గురించి చెప్తానన్నాను. ప్రిన్సిపాల్ గారి మొహం చిన్నబోయింది. "పిల్లలు సైన్స్ మానేసి కామర్స్‌లో చేరతారమ్మా."

లైబ్రరీ నుంచి ఖగోళం పుస్తకం. ఒక గ్రహం నడక లెక్కకి అందకపోతే, అవతల కనపడని ఇంకో గ్రహం దాన్ని లాగుతోందన్నారు. వెతికారు, దొరికింది. తర్వాత బుధుడి నడకా లెక్క తప్పింది. ఇంకేం, సూర్యుడి పక్కన ఇంకో గ్రహం ఉందన్నారు. అదే పద్ధతి. అంతే తెలివి. పేరు పెట్టేశారు. చూశామని చెప్పేవాళ్లు కూడా తయారయ్యారు. అక్కడ ఏమీ లేదు.

లేనిదాన్ని చూసినవాళ్లు అబద్ధం ఆడారని అనుకోను. నేనూ రెండేళ్లు చూశాను… పుస్తకం మూసి రొట్టెల పిండి కలపడానికి లేచాను.

ఏప్రిల్ 14

ఊరికి వెళ్లాను. నర్సన్న లేడు. ఎద్దు కోసం మస్కి సంతకి పోయాడని అతని భార్య బాలమ్మ చెప్పింది. మట్టి తీసుకుందామని చేలోకి నడిచాను. దూరంగా ప్లాంటు చిమ్నీలు, పొగ ఏటి వైపు వంగి ఉంది.

గట్టు నీడలో గొర్రెల మల్లమ్మ. ఏటా ఎండాకాలం మందతో ఈ ఊళ్లు తిరుగుతుంది. కోతలయ్యాక చేలల్లో మంద కట్టించుకుంటారు, పెంట పడి నేలకి బలం వస్తుందని. మనిషి నాకు బాగా తెలుసు. నన్ను చూసి నవ్వింది.

"ఏందమ్మా, నీ మడి గీయేడు పండలేదంట గద?"

"ఎవరు చెప్పారు?"

"బాలమ్మ చెప్పె. ఎట్ల పండుతది మరి. నిరుడు మేం కవితాళ దిక్కు పోతిమి, ఇటు రాకపోతిమి."

నాకు అర్థం కాలేదు. మీరు రాకపోతే నా మడికేం అని అడిగాను.

"గదేందమ్మా! ముందు రెండేండ్లు నీ మడిలనే గద మంద కట్టిచ్చింది నర్సన్న. మూడు దినాలు కట్టినం. మడి చిన్నది, మంద పట్టదన్నా అంటె, సగం మందనన్న కట్టు, మేడం మడి అది, బాగ పండాలె అన్నడు. మాకు కడుపు నిండ అన్నం బెట్టిండు."

బూడిద మడిలోనేనా? "గా బూడిద మడిలనే." పక్క మడిలో? "దానిల మీరే ఏం ఎయ్యొద్దంటిరంట గద. దాని చుట్టు ముండ్లకంప ఏసిండు, గొర్రె దూరకుండ."

తిరిగి బస్సెప్పుడు ఎక్కానో సరిగా గుర్తులేదు. మట్టి సంచి గట్టు మీదే మర్చిపోయాను.

ఏప్రిల్ 15

గొర్రెల పెంట. రెండేళ్లు. నా వ్యాసం అంతా గొర్రెల పెంట.

పెంట బలం బూడిద చెడుపుని కప్పేసింది. నిరుడు పెంట లేదు, బూడిద తన గుణం చూపించింది. అంతే. మంచు లేదు, తెగులు లేదు.

ఏప్రిల్ 16

జీవశాస్త్రంలో ఒకటి ఉంది. కుండలో గోధుమలు పోసి, మురికి చొక్కా కుక్కి పెడితే కొన్నాళ్లకి ఎలుకలు పుడతాయని రాశాడొక పెద్దమనిషి. ఎలుకలు వచ్చాయి కూడా. అదే ఇబ్బంది. రాకపోతే ఆయన ఇంకోటి ఆలోచించేవాడు. కుండకి మూత లేదన్న సంగతి ఆయనకి తట్టలేదు.

ఎన్నేళ్లు నవ్వానో ఆయన్ని తలుచుకుని.

ఏప్రిల్ 18

మళ్లీ ఊరికి. నర్సన్న ఉన్నాడు. గొర్రెల మాట అడిగితే దాచలేదు సరికదా, మొహం వెలిగింది.

"మీరు గింత ఎండల బస్సెక్కి వస్తుంటె, మీ మడి ఓడిపోతె మా ఊరికి ఇజ్జత్ ఉంటదా మేడం?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పుడేంది. ఇంటికొచ్చినోళ్లకు నెయ్యేస్తె చెప్పి ఏస్తమా?" తర్వాత కాస్త అనుమానంగా చూశాడు. "అవతలి మడిల ఏం ఎయ్యొద్దంటిరి, ఎయ్యలే. ఈ మడిల ఎయ్యొద్దని మీరు అనలే."

అనలేదు. నిజం. నా నోట్‌బుక్‌లో కూడా ఎక్కడా లేదు. తప్పు అతనిది అని ఎంత అనుకుందామన్నా కుదరడం లేదు.

అప్పుడే చెప్పేయాల్సింది, నర్సన్నా, ఈ బూడిద పనికిరాదు, తెప్పించకు అని. బాలమ్మ రొట్టె, పుంటికూర పెట్టింది. పథకం కాగితం ఊళ్లోకి వచ్చిందట, మొదటి టిప్పరు తనకే కావాలని పేరు రాయించాడట. అది చెబుతూ నా వైపు చూసిన చూపు… "నేను చెప్పేదాకా ఆగు నర్సన్నా" అన్నాను. అంతే అన్నాను. అతను సరేనన్నాడు.

ఉన్నదే మూడెకరాలు వాళ్లకి.

ఏప్రిల్ 19

ఆఫీసుకి ఉత్తరం మొదలుపెట్టాను. "మాన్యులైన" దగ్గర ఆగింది.

ఏప్రిల్ 22

రాయలేదు. పేపర్లు దిద్దాను.

ఏప్రిల్ 25

రాయలేదు. వైద్యంలో గాలి సిద్ధాంతం గురించి చదివాను. చెడు వాసన వల్లే కలరా వస్తుందని ఎంతకాలం నమ్మారో. వాసన పోగొట్టడానికి ఊడ్చి, కడిగి, మురుగంతా తీసుకెళ్లి ఏట్లో కలిపిన చోట్లు కూడా ఉన్నాయట. జనం ఆ నీళ్లే తాగారు. మంచి చేస్తున్నామనే కలిపారు.

ఏప్రిల్ 27

రాయలేదు. పిరికిదాన్ని. ఈ ముక్క ఇక్కడైనా రాసుకోవాలి.

మే 1

పొద్దున్నే నాన్న గుర్తొచ్చాడు. హట్టి బంగారు గనిలో నక్షాలు, అంటే మ్యాపులు, గీసే గుమాస్తా. బడి సెలవుల్లో మధ్యాహ్నం క్వార్టర్స్ నుంచి క్యారియర్ తీసుకెళ్లి ఆ గదిలో కూర్చునేదాన్ని. బల్ల నిండా నేల కింది దారులు. బంగారం దొరికిన సొరంగాలకి పచ్చ పెన్సిలు. తవ్వి తవ్వి, రాయి తప్ప ఏమీ దొరక్క వదిలేసిన సొరంగాలకి ఎర్ర పెన్సిలు. వాటి చివర "ఖాలీ" అని రాసేవాడు. పచ్చవాటి కంటే ఎర్రవాటి దగ్గరే ఎక్కువసేపు వంగి కూర్చునేవాడు.

ఏం లేనిదానికి ఇంత కష్టపడుడెందుకు నాయినా అని అడిగాను ఒకసారి.

"ఉన్నకాడ ఉన్నదని అందరికీ ఎరికే బిడ్డా. లేనికాడనే రాసిపెట్టాలె. రాయకుంటె రేపింకొకడు గాడనే తవ్వుతడు. పైకప్పు కూలి మీద పడుతది."

ఆయన చేతులకి ఎప్పుడూ ఆ ఎర్ర పొడి ఉండేది. అన్నం తినేముందు సబ్బుతో రుద్దినా గోళ్ల సందుల్లో మిగిలేది.

మే 3

ఉత్తరం అయింది. పేజీన్నర. "మొదటి రెండు సంవత్సరాల ఫలితాలు బూడిద వల్ల వచ్చినవి కావు." ఈ ఒక్క వాక్యానికి పదిహేను రోజులు పట్టింది. ఒక ప్రతి ఆఫీసుకి, ఒక ప్రతి వ్యాసం వేసిన పత్రికకి. పత్రికది రిజిస్టర్ పోస్టు చేశాను. ఆఫీసుది నేనే తీసుకెళ్లి ఇస్తాను. ముందు నర్సన్నకి చెప్పాలి.

మే 6

బస్సు దిగి గట్టెక్కాను. చేను కనపడలేదు. నల్లరేగడి ఉండాల్సిన చోటంతా బూడిదరంగు. ఒక్క క్షణం వేరే దారిలో వచ్చానేమో అనుకున్నాను. గట్టు తుమ్మచెట్టు అదే. ముళ్లకంప అదే, మధ్యలో నా ఉత్త మడి ఒక్కటే నల్లగా, గుడ్డకి మాసిక వేసినట్టు.

నర్సన్న నాగలి ఆపి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒళ్లంతా బూడిద. కనుబొమలు తెల్లగా. "చూసిన్రా మేడం! ఊరందరికంటె ముందు నాకే వచ్చె. రెండుసార్లు కలియదున్నిన."

"ఆగమన్నాను కదా నర్సన్నా."

"ఆగితి గదా. మీరు చెప్పేదాంక ఆగమంటిరి. టిప్పరాయన కాగితం చూపిచ్చిండు, మీ మేడం రాసిచ్చిందే అన్నడు. మీ పేరు చదివిచ్చుకున్న. గింకేం, మీరు చెప్పినట్టే గదా అనుకున్న."

ఎప్పుడు వచ్చింది అని అడిగాను. ఐదు రోజులయిందట. నేను నాన్నని తలుచుకుని కళ్లు తుడుచుకున్న రోజు.

గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. మొదటి నుంచి. గొర్రెల పెంట సంగతి, బూడిద సంగతి, ఆకుల అంచులు ఎందుకు మాడాయో. అతను వింటూ మట్టిగడ్డ ఒకటి చేతిలో నలుపుతూ ఉన్నాడు. నేను ఆపాక ఆ పొడి దులుపుకున్నాడు.

"మరి గట్లయితె… గొర్రెలు కట్టుడు నా తప్పా మేడం?"

కాదు. కాదని ఎన్నిసార్లు చెప్పానో. తప్పు నాది, నేను అడగలేదు, నేను చూడలేదు. అతనికి అది ఎక్కలేదు. "రెండేండ్లు పండె గదా. కండ్లతోటి చూస్తిమి గదా" అంటాడు. చివరికి తేరుకుని, "మూడెకరాల్ల గొర్రెలు కట్టిపిద్దం, అయిపాయె" అన్నాడు.

బాలమ్మ నీళ్ల బిందె దించి నిలబడి అంతా విన్నది. నాకు గ్లాసు నిండా నీళ్లిచ్చింది. "పండకుంటె మీకు జీతమొస్తది మేడం" అంది. గట్టిగా కూడా అనలేదు. బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

మే 7

ఈయనకి చెప్పాను. బూడిద మీద ఒక సామెత నోటిదాకా వచ్చింది ఆయనకి. నా మొహం చూసి మింగేశారు. ఆ దయ కూడా భరించలేకపోయాను. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మే 9

ఆఫీసు. ఆఫీసరు గారు కూర్చోమన్నారు, మజ్జిగ తెప్పించారు. ఉత్తరం రెండుసార్లు చదివారు, ఆ మాట ఒప్పుకోవాలి.

"యాక్రి మేడం, సుమ్నె తలి కెడిస్కోతీరి?" ఆయన కన్నడంలో, ఊరికే తల పాడు చేసుకుంటున్నానట. పథకం మొదలైపోయిందట. "పనికిరాదు" అన్న చోట "మరింత పరిశీలన అవసరం" అని మార్చి రాసివ్వమన్నారు. అంతే కదా, మూడు మాటలు.

మార్చనన్నాను. టిప్పర్లు ఆపించమన్నాను. "నోడోణ" అన్నారు. చూద్దాం. ఉత్తరం మీద పేపర్‌వెయిట్ పెట్టారు.

సున్నా కంటే తక్కువ బరువున్న ఫ్లోజిస్టన్‌ని కనిపెట్టినవాళ్లు కూడా ఇలాగే మజ్జిగ ఇచ్చి మర్యాదగా మాట్లాడి ఉంటారు.

మే 15

రెండు ఊళ్లు తిరిగి నేనే చెప్పాను. ఒక ఊళ్లో పెద్దాయన విని, తల ఊపి, టిప్పరు వద్దని చెప్పించాడు. రెండో ఊళ్లో "ఊకెనే వచ్చేదాన్ని వద్దంటదేంది ఈమె" అని నా వెనకాల. వినపడేట్టే.

మే 22

మల్లమ్మ మందని వెతుక్కుంటూ పోయాను. మూడెకరాలకి ఎన్ని దినాలు కట్టాలి, ఎన్ని గొర్రెలు కావాలి… ఆమె వేళ్లు ముడిచి లెక్క వేసి తల అడ్డంగా ఊపింది. "ఒప్పుకున్న చేన్లే ఇంకా శానున్నయ్. మొగులు పట్టె. వానలు పడ్డంక నల్లమట్టిల మంద నిలవదమ్మా, కాళ్లు పాడైతయ్. వచ్చే ఎండాకాలం మీకే ముందు కడత."

వచ్చే ఎండాకాలం.

జూన్ 11

మొదటి వాన. మట్టి వాసన వస్తుందని కిటికీ తీశాను. తీసి, నర్సన్న చేను ఇప్పుడు ఎలా ఉంటుందో అనుకుని మూసేశాను.

టిప్పర్లు ఆగాయట. నా ఉత్తరం వల్ల కాదు. దారులు బురదయ్యాయి.

జూన్ 30

పత్రిక నుంచి జవాబు లేదు.

జూలై 18

ఉపన్యాసం అయింది. ఈథర్ చెప్పాను, లేని గ్రహం చెప్పాను, కుండలో ఎలుకలు చెప్పాను. నవ్వాల్సిన చోట్ల నవ్వారు. తర్వాత నర్సన్న చేను చెప్పాను, పేరు చెప్పకుండా. నా పేరు చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ప్రిన్సిపాల్ గారు వాచీ చూసుకున్నారు.

ముందే సిద్ధం చేసుకున్న ముగింపు ఒకటి ఉంది. తప్పు దారి మూసి ఉందని రాసిపెట్టడం కూడా శాస్త్రమే, నక్షాలో ఎర్ర గీత కూడా గీతే, అలా. బాగానే చెప్పాననుకుంటాను. చప్పట్లు కొట్టారు.

రెండో వరసలో ఒక అమ్మాయి లేచింది. "మేడం, మరి ఆ రైతు?"

ఖాదర్ సార్ తల వంచుకున్నారు. నేను నీళ్లు తాగాను. "సెప్టెంబర్‌లో విత్తుతాడు" అన్నాను. అది జవాబు కాదని ఆ పిల్లకీ తెలుసు, కూర్చుంది.

ఎర్ర గీత గీసేవాడు పైన గదిలో ఉంటాడు. సొరంగంలో ఉన్నవాడి సంగతి నాన్న ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆగస్టు 9

బాలమ్మ ఇప్పుడు నాతో మాట్లాడదు. నీళ్లు మాత్రం ఇస్తుంది.

పశువుల పెంట రెండు బండ్లు తోలించాడు నర్సన్న. ఒక మూలకి సరిపోయింది.

ఆగస్టు 30

మట్టి పరీక్ష. లవణం ఎక్కువే. కొంత వానకి కడుక్కుపోయి ఉండొచ్చు. ఉండొచ్చు… మళ్లీ ప్రశ్న గుర్తులు పెడుతున్నాను. ఈసారి నా వ్యాసం కోసం కాదు. అతని చేను బాగుండాలని, నా లెక్క తప్పు కావాలని. ఇలాంటి కోరిక పుట్టాక నేను ఇక కొలవడానికి పనికొస్తానా?

సెప్టెంబర్ 26

విత్తనం. కబురు చేస్తే వెళ్లాను. విత్తనం వేసే గొర్రు, ఎద్దుల్ని పూన్చి సిద్ధంగా ఉంది. నర్సన్న విత్తనాల చేట నా ముందు పెట్టాడు. "మొదటి పిడికిలి మీరే పొయ్యాలె."

వద్దన్నాను. నా చేత్తో వద్దు అన్నాను. "ఏండ్లసంది మీరే పోస్తుంటిరి గదా. ఇయ్యాల పోయకుంటె బాగుండదు." బాలమ్మ అటు తిరిగి నిలబడింది. పోశాను. కొన్ని గింజలు పక్కన పడ్డాయి. అతను ఒక్కొక్కటి ఏరి గొర్రులో వేశాడు.

ముళ్లకంప లోపలి ఉత్త మడి కూడా విత్తాడు. "గా మడిల ఏం ఎయ్యలే. గొర్రెను గూడ అడుగు పెట్టనియ్యలే. ఇప్పుడు సరిగ తెలుస్తది గదా మేడం?"

తెలుస్తుంది. ఇన్నేళ్లకి ప్రయోగం సరిగ్గా ఏర్పాటైంది. పది గజాల మడి ఒకవైపు. వాళ్ల తిండి అంతా ఒకవైపు.

సెప్టెంబర్ 28

వాన. రెండు గంటలు, జోరుగా. బస్టాండులో అందరూ సంతోషంగా ఉన్నారు, విత్తనానికి మంచి వాన అని. తర్వాత ఎండ కాసింది. ఆ ఎండే నాకు భయం. వాన తర్వాత ఎండ పడితే బూడిద మట్టి పెచ్చు కడుతుంది.

అక్టోబర్ 1

వెళ్లలేదు. క్లాసులు. అబద్ధం. మధ్యాహ్నం ఖాళీయే.

అక్టోబర్ 3

వెళ్లాను. ఉత్త మడి మొలిచింది. వరసగా, రెండేసి ఆకులు. మిగతా చేను అద్దంలా నున్నగా, బీటలు వారి ఉంది. అక్కడక్కడా ఒక మొలక. పెంట వేసిన ఆ మూల మాత్రం కాస్త పచ్చగా.

నర్సన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "ఇంకో రెండు దినాలు చూద్దం" అన్నాడు. నేను సాలులో కూర్చుని వేలితో ఒక పెచ్చు లేపాను. కింద మొలక ఉంది. చావలేదు. తెల్లగా ఉంది, పైకి దారి దొరక్క పెచ్చు కిందే వంగి పక్కకి పాకుతోంది.

పక్కది లేపాను. అదీ అంతే. ఆ పక్కది. నర్సన్న వచ్చి చూశాడు, నా ఎదురు సాలులో కూర్చున్నాడు. ఆకుల అంచులు తర్వాత మాడతాయేమో, మాడవేమో, అది తర్వాతి సంగతి. ముందు ఇవి బయటికి రావాలి. ఎంతసేపు లేపామో తెలియదు. గోరు చిట్లి రక్తం వచ్చింది.

ఎవరో పక్కన కూర్చున్న చప్పుడు. బాలమ్మ. కొడవలి ఒకటి నా ఒళ్లో పెట్టింది.

"చేతులతోటి గాదు మేడం. గోర్లు పోతయ్. గీ మొనతోటి గీకు, మొలకకు తగలనియ్యకు."

మే నెల తర్వాత నాతో అన్న మొదటి మాట.

ఐదింటికి చివరి బస్సు. అప్పటికి ముగ్గురం కలిసి లేపినవి నాలుగు సాళ్లు. లేచి చూస్తే చేనంతా ఇంకా అలాగే ఉంది.

అక్టోబర్ 4

కాలేజీకి సెలవు చీటీ పంపాను. కారణం దగ్గర ఏం రాయాలో తెలియక ఆ గీత ఖాళీగా వదిలేశాను. మొదటి బస్సు ఆరున్నరకి. కొడవలి సంచిలో ఉంది.